ఉమ్మడి వర్క్‌షాపులో మొదటి రోజు: మెషిను మీద చెయ్యి వేసే ముందు

ఆటోనగర్‌లో ఏ లేతు షాపుకు వెళ్ళినా ఒక మేస్త్రి కనిపిస్తాడు. ఏ మెషిను ఎలాంటి శబ్దం చేస్తే ఆపేయాలో అతనికి తెలుసు. పని నేర్చుకునే కుర్రవాడు చెయ్యి పెట్టకూడని చోట పెడితే షెడ్డు ఆ చివర నుంచే కేకేస్తాడు. నలుగురూ చందా వేసుకుని నడుపుకునే మేకర్‌స్పేస్‌లో అలాంటి మేస్త్రి ఉండడు. మీకంటే ముందు డ్రిల్లింగ్ మెషిను వాడినవారు బీటెక్ రెండో ఏడాది విద్యార్థి కావచ్చు, రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన కావచ్చు. దాన్ని ఏ స్థితిలో వదిలి వెళ్ళారో మీకు తెలియదు. అందుకే ఇక్కడ భయపడవలసినవి రెండు: ముందువారు వదిలి వెళ్ళిన మెషిను, ఎవరినైనా అడగబోతే మీకు అడ్డొచ్చే మొహమాటం. విజయవాడలో ఇలాంటి ఏ వర్క్‌షాపులో చేరినా మొదటి రోజు ఈ వరుసలో సాగండి.

ఇంటి దగ్గర బయలుదేరే ముందు

ముందు కాళ్ళ సంగతి చూసుకోండి. గడప దగ్గర చెప్పులు విప్పడం మనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. వర్క్‌షాపు గడప దగ్గర మాత్రం దాన్ని మరచిపోండి. నేల మీద ఇనుప రజను, విరిగిన బ్లేడు ముక్కలు, ఇంకా చల్లారని నిప్పురవ్వలు ఉంటాయి. వేళ్ళను పూర్తిగా కప్పే తోలు బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులతో వచ్చినవారు ఆ రోజుకు చూసి వెళ్ళడమే. పైన నైలాన్ జాలీ ఉన్న బూట్లు కూడా గ్రైండింగ్, వెల్డింగ్ దగ్గర పనికిరావు. రవ్వ పడితే జాలీ కరిగి చర్మానికి అంటుకుంటుంది. బట్టలదీ అదే కథ: నూలువి వేసుకోండి, పాలిస్టరు వద్దు.

తిరుగుతున్న యంత్రాలను పరీక్షించి, నూనె పెట్టేవారు ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు వేసుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే రాసింది. మేకర్‌స్పేస్ సభ్యులు కార్మికులు కారు కాబట్టి అలాంటి చట్టాలు మన దాకా రాకపోవచ్చు గానీ, బిట్టునో ఇనుప ముక్కనో బిగించి తిప్పే చక్‌కు ఆ తేడా తెలియదు. లేతు, డ్రిల్లింగ్ మెషిను పని ఉన్న రోజున చీర, లుంగీ రెండూ వద్దు. చున్నీ తీసి లాకరులో పెట్టండి. జడను ముడి చుట్టి టోపీలోకి తోయండి. పొడుగు చేతుల చొక్కా అయితే మోచేతి పైకి గట్టిగా మడవండి.

ఉంగరం, గడియారం, గాజులు, బ్రేస్‌లెట్ తీసేయాలి. ఇందులో బేరం లేదు. ఉంగరం చిక్కుకుంటే వేలి మీది తోలు మొత్తం ఊడి వచ్చే గాయం అవుతుంది. అదే ఉంగరం పెద్ద బ్యాటరీ రెండు కొనల మధ్య తగిలితే ఒక్క క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. దుర్గమ్మ గుడిలో చేతికి కట్టించుకున్న తాడు తీయడానికి మనసొప్పని వారుంటారు. అలాంటప్పుడు దాన్ని మణికట్టు నుంచి ముంజేతి మీదికి జరిపి, పైన సాగే బ్యాండేజీ బిగుతుగా చుట్టండి. మంగళసూత్రం, జంధ్యం చొక్కా లోపలే ఉంచి బొత్తాలు పైదాకా పెట్టుకోవాలి.

చేతి తొడుగుల గురించి కొత్తవారు తరచూ తిరగేసి అనుకుంటారు. తొడుగు వేసుకుంటే ఎక్కడైనా భద్రమే అనుకుని డ్రిల్లింగ్ మెషిను దగ్గరికీ అలాగే వస్తారు. డ్రిల్లు, లేతు, సానరాయి మెషిను దగ్గర తొడుగులు వేసుకోకూడదు. కొన దారం ఒక్కటి చిక్కితే చాలు, చెయ్యి మొత్తాన్ని లాక్కుపోతుంది. వెల్డింగ్, వేడి ఇనుము, అంచు పదునున్న రేకులు, ఈ పనులకు మాత్రం తోలు తొడుగులు తప్పనిసరి.

ఏ మెషినూ ఆన్ చేయకుండా ఒక చుట్టు

లోపలికి వచ్చాక మొదటి అరగంట ఏ స్విచ్చూ వేయకండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూసి, దాని దాకా నడిచి వెళ్ళి చేత్తో ముట్టుకోండి. ‘ఆ మూల ఎక్కడో ఉంది’ అని తెలిస్తే సరిపోదు. దాని ముందు ప్లైవుడ్ షీట్లు చేరవేసి ఉంటే అప్పుడే పక్కకు జరిపించండి. తర్వాత నిప్పు ఆర్పే సిలిండర్ల దగ్గరికి వెళ్ళి, ముల్లు ఆకుపచ్చ గడిలో ఉందో లేదో, పిన్ను సీలు తెగకుండా ఉందో లేదో చూడండి. ప్రథమ చికిత్స పెట్టె తెరవండి. అందులో మాత్రలు, విక్స్ తప్ప గాజుగుడ్డ లేకపోతే ఆ విషయం ఆ రోజే చెప్పండి. వెనక తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. లోపల మనుషులు ఉన్నంతసేపూ ఆ తలుపుకు తాళం ఉండకూడదు.

స్విచ్ బోర్డుల దగ్గర ఇంకొంచెం ఆగండి. ప్లగ్గు లేని వైరును రెండు అగ్గిపుల్లలతో సాకెట్లో బిగించడం మన ఊళ్ళో ఇళ్ళలోనే కాదు, షాపుల్లోనూ చూస్తుంటాం. వర్క్‌షాపులో అలాంటిది కనిపిస్తే మెయిన్ ఆపి పీకేయండి. తర్వాత అడగవచ్చు, ఎవరిదని. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుది. రెండు రంధ్రాల బోర్డులో పట్టడం లేదని దాన్ని విరిచేసిన మెషిను ఉంటే, ఇనుప ఒళ్ళు ఉన్న ఆ మెషినును ఎవరూ ముట్టుకోకూడదు. బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటుంది. దాని మీద ‘టీ’ అని రాసిన చిన్న బొత్తాం నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మీకు షాకు కొట్టిన రోజున కూడా అది పడదు. నెలకొకసారి ఎవరో ఒకరు నొక్కి చూడాలి. ఆ ఎవరో మీరైనా కావచ్చు.

కరెంటు పోయినప్పుడు

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం రాగానే కరెంటు పోతుంది. మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అందరూ చెమట తుడుచుకుంటూ టీకి బయటికి నడుస్తారు. స్విచ్చులు మాత్రం ఆన్‌లోనే ఉంటాయి. మంచి లేతులకు, పెద్ద డ్రిల్లింగ్ మెషిన్లకు ఉండే స్టార్టరు కరెంటు పోగానే తనంతట తానే విడిపోతుంది. మళ్ళీ పచ్చ బొత్తాం నొక్కితేనే మెషిను తిరుగుతుంది. ఇనుము కోసే, అరగదీసే చేతి గ్రైండరు సంగతి అలా కాదు. దాని స్లైడు స్విచ్చు ముందుకు తోసి లాక్ చేసి ఉంటే అలాగే ఉండిపోతుంది. బల్ల మీద పెట్టి వెళ్ళిన గ్రైండరు కరెంటు రాగానే దానంతట అదే లేచి, బల్ల మీద దొర్లి, తన వైరునే తాను కోసుకుంటూ కింద పడుతుంది. అప్పుడు దాని ముందు ఎవరూ లేకపోవడం అదృష్టమే.

కాబట్టి కరెంటు పోగానే మొట్టమొదటి పని: మీ చేతిలోని మెషిను స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే టీ.

ప్రతి మెషిను దగ్గరా అరనిమిషం

ఏ మెషిను దగ్గరికి వెళ్ళినా ముందు ప్లగ్గు తీసి ఉండాలి. గార్డు, అంటే తిరిగే భాగానికి అడ్డుగా ఉండే రక్షణ కప్పు, ఉందా, బిగించి ఉందా చూడండి. చక్‌లో దాన్ని బిగించే తాళంచెవి (చక్ కీ) మరచిపోయారేమో చూడండి. ఇది ఉమ్మడి వర్క్‌షాపుల్లో శాశ్వత రోగం. మరచిపోయిన తాళంచెవి స్విచ్చు వేయగానే బాణంలా ఎగిరి మొహానికి తగులుతుంది. చక్ కీ మీద ఒక్కటే నియమం: అది చక్‌లో ఉన్నంతసేపూ మీ చెయ్యి దాని మీదే ఉండాలి. చెయ్యి తీశారంటే కీ బయటికి రావాలి. తర్వాత చక్‌ను గానీ డిస్కును గానీ చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడైనా రాసుకుంటున్నా, ఊగుతున్నా ఆపేయండి.

దసరా మర్నాడు ఈ అరనిమిషాన్ని రెండు నిమిషాలు చేయండి. ఆయుధపూజకు మెషిన్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు పడతాయి. పూజకు నేను అడ్డు చెప్పను. దండ తిరిగే భాగం మీద కాకుండా మోటారు మీదో, స్టాండు మీదో వేయండి. కొబ్బరికాయ స్విచ్ బోర్డు దగ్గర కొట్టకండి, హారతి కర్పూరం థిన్నరు డబ్బాల అరకు దూరంగా వెలిగించండి. మర్నాడు దారం పోగు ఒక్కటి కూడా తిరిగే ఇరుసుకు, అంటే స్పిండిల్‌కు మిగలకుండా తీసి, సానరాయికి పూసిన కుంకుమ తుడిచి, చేత్తో తిప్పి చూశాకే కరెంటు ఇవ్వండి.

చేతి గ్రైండరు

మేకర్‌స్పేస్‌లో అన్నిటికంటే చవక మెషిను ఇదే. అన్నిటికంటే ఎక్కువ భయపడవలసిందీ ఇదే. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క కట్టండి: 100 మిల్లీమీటర్ల డిస్కు అంచు ఆ వేగంలో సెకనుకు దాదాపు 58 మీటర్లు పోతుంది, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. డిస్కు పగిలితే ముక్క ఆ వేగంతోనే బయలుదేరుతుంది. గార్డు ఉన్నది అందుకు. గార్డు అడ్డొస్తోందని తీసేసే అలవాటు బజారులో ఉంది. మీరు మాత్రం గార్డు లేని గ్రైండరు పట్టుకోకండి.

డిస్కు బిగించే ముందు దాని మధ్యనున్న లోహపు వలయం చూడండి. దాని మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది. డిస్కుల్లోని జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ, ముఖ్యంగా మన తేమకు, బలం తగ్గుతుంది. కింద పడిన డిస్కు పగులు కనిపించకపోయినా పారేయండి. డిస్కు మీద రాసిన గరిష్ఠ వేగం మెషిను వేగం కంటే ఎక్కువ ఉండాలి. ఐదంగుళాల డిస్కు పట్టడానికి గార్డు తీసేయడం, చెక్క కోయడానికి పళ్ళ రంపం బ్లేడు ఇందులో బిగించడం, ఈ రెండూ ఇక్కడ నిషేధం. రెండోది ముఖ్యంగా. వడ్రంగి బజారులో అలాంటి బ్లేడ్లు దొరుకుతాయి, దుకాణదారుడు నవ్వుతూ ఇస్తాడు. పళ్ళు చెక్కలో పట్టుకోగానే మెషిను వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను చేతికో, తొడకో, మెడకో తగులుతుంది.

కోసే డిస్కు సన్నగా ఉంటుంది. దాన్ని నిటారుగా వాడి కోయాలే తప్ప, పక్కకు వాల్చి అరగదీయకూడదు. కోసే ముక్కను కదలకుండా పట్టి ఉంచే వైసులో బిగించండి. కాలితో తొక్కిపట్టి కోయడం రోడ్డు పక్క షాపుల్లో చూసి ఉంటారు, ఇక్కడ వద్దు. మీరు డిస్కు తిరిగే గీతకు పక్కన నిలబడాలి, ఎదురుగా కాదు. రెండు చేతులూ మెషిను మీదే ఉండాలి. కొత్త డిస్కు బిగించాక ఏమీ తాకించకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. పగిలేదైతే అప్పుడే పగులుతుంది. రవ్వలు ఎటు పోతున్నాయో ముందే చూసుకోండి. అటువైపు చెక్కపొట్టు బస్తా, థిన్నరు, ఇంకొకరి మోటారు సైకిలు ఉండకూడదు.

కళ్ళకు రక్షణ అద్దాలు, వాటి మీద మొహం మొత్తం కప్పే పారదర్శక ముసుగు, రెండూ కావాలి. చదువుకునే కళ్ళజోడు రక్షణ అద్దం కిందికి రాదు. చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే అక్కడ చెవికి రక్షణ కావాలని అర్థం.

బల్లకు బిగించిన సానరాయి మెషినులో కొత్త రాయి పెట్టేటప్పుడు దాన్ని వేలికి తగిలించి, చెక్క పిడితో మెల్లగా కొట్టండి. బాగున్న రాయి ఖంగుమంటుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. ఆనించే పీటకు, రాయికి మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే ముక్క అందులోకి దూరి, దాని వెనకే వేళ్ళు కూడా పోతాయి. దాని మీద అల్యూమినియం అరగదీయకండి. మెత్తటి లోహం రాతి రంధ్రాల్లో నిండి రాయి వేడెక్కి పగులుతుంది.

డ్రిల్లు, లేతు, రంపం

డ్రిల్లింగ్ మెషిను కింద రేకు ముక్కను చేత్తో పట్టుకోవద్దు. బిట్టు అవతలి వైపు బయటపడే క్షణంలో రేకును పట్టేసి పంకాలా తిప్పుతుంది. వైసు లేదా క్లాంపు వాడండి. రజనును బ్రష్షుతో తీయండి. లేతు మీద చుట్టలు చుట్టలుగా వచ్చే రజను కత్తిలా కోస్తుంది. మెషిను తిరుగుతుండగా దాన్ని లాగడానికి ప్రయత్నించకండి.

బల్ల రంపం దగ్గర మీ చేతికి, బ్లేడుకు మధ్య ఎప్పుడూ ఒక తోపుడు కర్ర ఉండాలి. బ్లేడు వెనక ఉండే చీలిక పలకను ఎవరూ తీయకూడదు. చెక్క మూసుకుని బ్లేడును బిగిస్తే అది కోసేవారి కడుపు మీదికి దూసుకొస్తుంది. ఆ పలక ఆపేది అదే. పాత ఇళ్ళు కూలగొట్టిన చోట దొరికే టేకు ద్వారబంధాలు, తలుపులు తెచ్చేవారికి ఒక మాట: పాడైన స్పీకరు అయస్కాంతం ఒకటి బల్ల దగ్గర వేలాడదీసి ఉంచండి. చెక్క అన్ని వైపులా దాన్ని నెమ్మదిగా పాకించండి. అది ఎక్కడ అతుక్కుంటే అక్కడ మేకు ఉంది. ఇత్తడి మరలను మాత్రం అయస్కాంతం పట్టదు, వాటిని కళ్ళతోనే వెతకాలి. కొండపల్లి బొమ్మల మీద మోజుతో పొణికి చెక్క తెచ్చేవారు దాన్ని రంపం మీద పెట్టనే పెట్టకండి. అంత తేలికైన, మెత్తటి చిన్న ముక్కలకు చేతి రంపం, ఉలి, ఆకురాయి చాలు.

సన్నటి చెక్క దుమ్ము, ముఖ్యంగా చెక్కపొట్టును జిగురుతో ఒత్తి చేసే ఎండీఎఫ్‌ది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పని అయ్యాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దుమ్మంతా దిగిపోతుందని మిల్లుల్లో చెబుతుంటారు. బెల్లం తినండి, బాగుంటుంది. మాస్కు పని మాత్రం మాస్కే చేయాలి. ఒంటి మీది పొట్టు వదిలించడానికి కంప్రెసరు గాలి కొట్టుకోకండి. ఆ గాలి గాయంలోంచి చర్మం కిందికి దూరగలదు, పొట్టును కళ్ళలోకి కొట్టగలదు.

లేజరు దగ్గర: ముందు ముక్క ఏమిటో చెప్పండి

లేజరు కాంతితో షీట్లను కోసే మెషిను ఇది, అందరూ ఎదురుచూసేదీ ఇదే. తిరిగే భాగాలు పైకి కనబడవు కాబట్టి అమాయకంగా అనిపిస్తుంది. దీనితో చిక్కు కోసే వస్తువులో ఉంది. పీవీసీ ఏ రూపంలోనూ లోపలికి వెళ్ళకూడదు. వేడికి అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది. గాలిలోని తేమ తగలగానే అది ఆమ్లమవుతుంది. మీ ఊపిరితిత్తులతో పాటు మెషిను అద్దాలను, పట్టాలను కూడా తింటుంది. విజయవాడ గాలిలో తేమకు కొదవ లేదు.

చిక్కేమిటంటే పీవీసీ తన పేరుతో రాదు. ఫ్లెక్సీ బ్యానరు పీవీసీయే. రెక్సిన్‌లో చాలా రకాలు అదే. కాలేజీ ప్రాజెక్టు నమూనాలకు విద్యార్థులు తెచ్చే సన్‌బోర్డు కూడా చాలావరకు పీవీసీ నురుగు షీటే. దుకాణంలో ‘అక్రిలిక్ లాంటిదే సార్’ అన్న మాట నమ్మకండి. సందేహం వస్తే ఆరుబయట ఈ పరీక్ష చేయండి: పట్టకారుతో రాగి తీగ పట్టుకుని, మంటలో ఎర్రగా కాల్చండి. వేడిగా ఉండగానే ప్లాస్టిక్ ముక్కకు ఆనించి కొంచెం అంటనిచ్చి, మళ్ళీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉంది. ఆ షీటును ఇంటికి తీసుకెళ్ళండి. పొగ పీల్చకుండా గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడండి.

అక్రిలిక్‌తో ఆ బాధ లేదు కానీ అది మండుతుంది. గాలి ఊదే గొట్టం పనిచేస్తోందో లేదో, పొగ లాగే ఫ్యాను తిరుగుతోందో లేదో చూశాకే మొదలుపెట్టండి. కోత పూర్తయ్యే దాకా మెషిను ముందు నుంచి కదలకండి. ఫోను వస్తే మెషిను ఆపి మాట్లాడండి. మూతకు ఉన్న స్విచ్చును టేపుతో నొక్కిపెట్టి మూత తెరిచి నడపడం కనిపిస్తే, నడుపుతున్నది వర్క్‌షాపు పెట్టినవారే అయినా, ఆపించండి. ఆ కాంతిపుంజం కంటికి కనబడదు, కాల్చాకే తెలుస్తుంది.

వెల్డింగ్

ముసుగు లేకుండా ఒక్క క్షణం చూశాను, ఏమీ కాలేదు అంటారు. పగలు వెల్డింగ్ చూస్తే బాధ అర్ధరాత్రి మొదలవుతుంది. కంట్లో ఇసుక పోసినట్టు ఉంటుంది. కొందరు బంగాళాదుంప చక్రాలు పెట్టుకుంటారు, కొందరు చంటిపిల్లల తల్లి పాలు వేయిస్తారు. రెండూ వద్దు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెల్డింగ్ చేసేవారు చుట్టూ తెర కట్టి, గట్టిగా ‘కళ్ళు’ అని అరిచాకే మొదలుపెట్టాలి.

జీఐ పైపు మీది జింకు పూతను వెల్డింగ్ చేసే చోట గీకేయండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలి జ్వరం వస్తుంది. పాలు తాగితే రాదన్నది ఉత్త నమ్మకం. మూసి ఉన్న డబ్బా, పాత పెట్రోలు ట్యాంకు ఎంత కడిగినా ఇక్కడ వెల్డింగ్ చేయకూడదు. పని అయిపోయాక అరగంట అక్కడే ఉండి చూడండి. పొట్టులో దాక్కున్న రవ్వ అంత ఆలస్యంగా కూడా రాజుకుంటుంది.

సోల్డరింగ్, త్రీడీ ప్రింటరు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మామూలు సోల్డరులో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కున్నాకే పునుగులు తినండి. ప్రింటరు ముక్కు 200 డిగ్రీల పైన ఉంటుంది, ముట్టుకోకండి.

నూనె గుడ్డలు

థిన్నరు, టర్పెంటైను మూత బిగించి ఇనుప అల్మరాలో పెట్టాలని అందరికీ తెలుసు. అవిసె నూనె సంగతి తెలియదు. చెక్కకు మెరుగు పెట్టిన ఆ నూనె గుడ్డ ఆరుతూ తనలో తానే వేడి పుట్టించుకుంటుంది. ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డులో చెప్పనే అక్కర్లేదు. గుడ్డను ఆరుబయట తీగ మీద పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళున్న ఇనుప బకెట్లో వేసి మూతపెట్టండి.

ఎండ

బయట 44, 45 డిగ్రీలు ఉన్న రోజున రేకుల కింద ఎలా ఉంటుందో విజయవాడ వారికి వివరించనవసరం లేదు. అప్పుడు రక్షణ అద్దాలు మసకబారతాయి, మనిషి వాటిని నుదుటి మీదికి తోస్తాడు, ప్రమాదం సరిగ్గా అప్పుడే జరుగుతుంది. చెమట పట్టిన చేతికి కరెంటు తేలిగ్గా పాకుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు పన్నెండు నుంచి నాలుగు మధ్య గ్రైండరు, వెల్డింగ్ పెట్టుకోకండి. గీతలు గీసుకోవడం, కొలతలు తీయడం, కంప్యూటర్ మీద డిజైన్ చేసుకోవడం ఆ వేళకు పెట్టుకోండి. ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచుకోండి. తల తిరిగినట్టు అనిపిస్తే ‘ఈ ఒక్క కోత అయ్యాక’ అనకండి.

దెబ్బ తగిలితే

అంబులెన్సుకు 108, అగ్నిమాపక శాఖకు 101, ఏదీ గుర్తు రాకపోతే 112. వర్క్‌షాపు చిరునామా, దగ్గరి గుర్తు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. కంగారులో ఆటోనగర్ ఎన్నో రోడ్డో ఎవరికీ గుర్తుండదు. ఒకరు ఫోను చేస్తుంటే ఇంకొకరు వీధి మొదట్లో నిలబడాలి.

తెగితే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. ఆగిందేమో అని మాటిమాటికీ ఎత్తి చూడకండి. కాఫీ పొడి, పసుపు పోయకండి. కుట్లు వేసే ముందు డాక్టరు దాన్నంతా కడిగి తీయాలి. వేలు తెగిపడితే ఆ ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచండి. ముక్క నేరుగా ఐసుకు తగలకూడదు. గంటలు లెక్కకు వస్తాయి కాబట్టి ముందే ఫోను చేసి, అతికించే శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి.

కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోయాలి. సిరా, టూత్‌పేస్టు, ఇడ్లీ పిండి రాయకండి, ఐసు పెట్టకండి. ఇక్కడ మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఎండాకాలం మధ్యాహ్నం కుళాయి తిప్పితే డాబా మీది నల్ల ట్యాంకు నుంచి కాగిన నీళ్ళు వస్తాయి. కాలిన చేతిని దాని కింద పెడితే ఇంకా కాలుతుంది. అందుకని నీడలో, లోపలి గదిలో ఒక పెద్ద డ్రమ్ము నీళ్ళు, ఒక మగ్గు ఎప్పుడూ ఉండాలి. మార్చి నెలలోనే ఇది ఏర్పాటు చేయించండి.

కంట్లో ఇనుప రజను పడితే నులమకండి. పక్క షాపులో రుమాలు కొనతో తీసే నిపుణుడు ఒకరు తప్పక ఉంటారు, ఆయనకు నమస్కారం పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. రసాయనం పడితే మాత్రం కదలకముందే కనీసం పావుగంట నీళ్ళతో కడగాలి.

షాకు కొట్టి తీగకు అంటుకున్న మనిషిని ముట్టుకోకండి. మొదటి చుట్టులో చేత్తో తాకిన మెయిన్ స్విచ్ దగ్గరికి పరుగెత్తండి. షాకు తర్వాత మనిషి లేచి ‘ఏమీ లేదు’ అన్నా ఈసీజీ తీయించండి.

నిప్పు అంటుకుంటే చిన్నదైతేనే ఆర్పండి. పిన్ను పీకి, గొట్టాన్ని మంట మొదలు వైపు గురిపెట్టి, నొక్కుతూ అటూ ఇటూ ఊపండి. సిలిండరు కొన్ని సెకన్లలో అయిపోతుంది. వీపు ఎప్పుడూ తలుపు వైపే ఉండాలి. ఒక సిలిండరుతో ఆరకపోతే బయటికి వెళ్ళిపోండి.

మొహమాటం

‘ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో’ అనిపించిన ప్రతిసారీ అడగండి. పెద్దవారు అద్దాలు లేకుండా గ్రైండరు పట్టుకుంటే చెప్పడం ఇంకా కష్టం. దానికి ఇక్కడ కుదిరిన పద్ధతి ఒకటుంది. దూరం నుంచి అరవకుండా, ఆయనకు కనబడేలా ముందుకు వెళ్ళి నిలబడి, ఆయన మెషిను ఆపాక అద్దాలు చేతికందించండి. ‘బాబాయ్ గారూ, ఇవి పెట్టుకోండి’ అంటే ఎవరూ కాదనరు. మెషిను తిరుగుతుండగా వెనక నుంచి భుజం తట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మీ చేతిలో ఏదైనా పాడైతే దాచకండి. ప్లగ్గుకు ఎర్ర అట్ట కట్టి, దాని మీద ‘పాడైంది, వాడకండి’ అని, ఏమైందో, తేదీ, మీ పేరు రాయండి. బాగుచేయించే ఖర్చు ఎవరిదన్నది తర్వాతి మాట. ఆ అట్టను కట్టినవారో, బాగుచేసినవారో తప్ప ఇంకెవరూ విప్పకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు తిరిగే మెషిన్లు, లేజరు, వెల్డింగ్ ముట్టుకోకండి. ఆదివారం పిల్లలను చూపించడానికి తీసుకువస్తే పసుపు గీత దాటనివ్వకండి.

వెళ్ళేటప్పుడు

చార్జింగులో ఉన్న బ్యాటరీలన్నీ తీయండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ కనిపిస్తే ఇసుక ఉన్న ఇనుప డబ్బాలో పెట్టి షెడ్డు బయట ఉంచండి. గ్యాసు సిలిండర్ల వాల్వులు మూసి, కంప్రెసరులో గాలి వదలండి. బల్ల మీది రజను చేత్తో కాకుండా బ్రష్షుతో ఊడ్వండి. నూనె గుడ్డల బకెట్ మూత చూడండి. వెనక గదిలోనూ, బాత్‌రూములోనూ ఎవరైనా ఉన్నారేమో పిలిచి, తర్వాతే మెయిన్ ఆపండి.

రెండో రోజు వచ్చేటప్పుడు నేర్చుకోవలసిన మెషిను ఒక్కటే ఎంచుకుని రండి. ఆ మెషిను తెలిసిన సభ్యుడి ముందు మీరే బిగించి, నడిపి, ఆపి చూపించాకే దాని తాళం మీ చేతికి వస్తుంది. నా సలహా అడిగితే చేతి డ్రిల్లుతో మొదలుపెట్టండి. లేజరుకు తొందరపడవచ్చు, పీవీసీ పరీక్ష వస్తే వారంలోనే ఇస్తారు. గ్రైండరు మాత్రం ఆఖరున పెట్టుకోండి.